ఆల్టర్నేటివ్ రాక్: ధిక్కారం ఒకటే, తీర్పులు రెండు

1996 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గ్రామీ పురస్కారాల సభలో పెర్ల్ జామ్ బ్యాండ్ గాయకుడు ఎడీ వెడర్ బహుమతి అందుకుని, దీనికి అర్థమేమిటో తనకు తెలియదని, అసలు ఏ అర్థమైనా ఉందనుకోవడం లేదని మైకులోనే చెప్పేశాడు. ఏడాదిన్నర గడిచాక, 1997 సెప్టెంబరులో, న్యూయార్క్‌లో ఎంటీవీ వీడియో పురస్కారాల వేదికపై ఇంకా ఇరవయ్యేళ్లు నిండని గాయని ఫియోనా ఆపిల్ దాదాపు అదే మాటను కొంచెం మోటుగా చెప్పింది. ఈ ప్రపంచమంతా బూటకమని, వేదికల మీద కనిపించేవాళ్లు ఏం తొడుక్కుంటున్నారో, ఏం మాట్లాడుతున్నారో చూసి ఎవరూ తమ బతుకులు దిద్దుకోనక్కర్లేదని ఆమె మాటల సారాంశం. వెడర్ మాటలు రాక్ గాయకుడి నిజాయితీ ఖాతాలో పడ్డాయి. ఆపిల్ మాటలు బహుమతి పుచ్చుకుంటూనే మారాం చేసిన చిన్నపిల్ల పేచీగా ప్రచారమయ్యాయి. హాస్యగాళ్లు ఆమెను అనుకరించి నవ్వించారు. లోదుస్తుల్లో కనిపించిన వీడియోతో పేరు తెచ్చుకున్న అమ్మాయికి ఈ నీతులెందుకన్న ఎత్తిపొడుపులూ వచ్చాయి. వెడర్ తన వీడియోల్లో ఏం తొడుక్కున్నాడో తిరగేసి చూసినవాళ్లు లేరు.

ద్వంద్వ ప్రమాణం అనగానే ఒకే తప్పుకు మగవాడికి తక్కువ శిక్ష, స్త్రీకి ఎక్కువ శిక్ష అనే లెక్క గుర్తుకొస్తుంది. ఆ లెక్క అబద్ధం కాదు గాని, ప్రధాన స్రవంతిని కాదని పెరిగిన ఆల్టర్నేటివ్ రాక్ సంగీత చరిత్రను దగ్గర నుంచి చూసినప్పుడు అసలు తేడా విచారణ జరిగే తీరులో కనిపిస్తుంది. గాయకుడు గొడవ చేస్తే అతడన్న మాట చర్చకు వస్తుంది. అది అభిప్రాయమో, వైఖరో, కళలో భాగమో అవుతుంది. గాయని గొడవ చేస్తే ఆమే చర్చకు వస్తుంది: మతి స్థిమితంగా ఉందా, పిల్లల్ని సరిగా చూసుకుంటోందా, పాటలు తనే రాసుకుంటోందా, ఇంకెవరైనా రాసిస్తున్నారా. ఇలా ఆరాలు తీయడంలో పడి, ఆమె అన్న మాటకు జవాబు చెప్పాల్సిన పని అందరికీ తప్పిపోతుంది.

ఈ తేడా సినిమాలోనూ రాజకీయాల్లోనూ ఉన్నదే కదా, ఆల్టర్నేటివ్ రాక్‌ను ప్రత్యేకంగా పట్టుకోవడమెందుకని అడగవచ్చు. కట్టుబాట్లను కాదనడమే తన గుర్తింపని చెప్పుకుని, ఆ ధిక్కారాన్నే సరుకుగా అమ్ముకున్న సంగీతం కాబట్టి. 1980లలో అమెరికా కాలేజీ రేడియోల్లోనూ చిన్న చిన్న స్వతంత్ర రికార్డు కంపెనీల్లోనూ పెరిగిన ఈ ధోరణి, 1992 జనవరిలో నిర్వాణా బ్యాండ్ ఆల్బమ్ మైకేల్ జాక్సన్‌ను బిల్‌బోర్డ్ అమ్మకాల జాబితా మొదటి స్థానం నుంచి దించేసరికి పెద్ద వ్యాపారమైంది. రోలింగ్ స్టోన్ పత్రిక 1992 ఏప్రిల్ సంచిక ముఖచిత్రానికి నిలబడినప్పుడు నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ కార్పొరేట్ పత్రికలను ఎద్దేవా చేసే రాత ఉన్న చొక్కా వేసుకున్నాడు. పత్రిక దాన్ని సంతోషంగా అచ్చువేసింది, అభిమానులు మెచ్చుకున్నారు. పైగా ఈ తరం మగ గాయకులు పాత రాక్ వీరుల్లాంటివాళ్లు కారు. కోబేన్ వేదికపైకి గౌనుతో వచ్చాడు, స్త్రీలను ద్వేషించేవాళ్లు తమ కచేరీలకు రావద్దని ఆల్బమ్ అట్ట లోపలి కాగితంలో రాశాడు. ఆ కారణంగా ఇక్కడ ఆడవాళ్లకు వేరే న్యాయం దొరకాలి. "తిరిగి ఆడది చెడె, తిరగక మగవాడు చెడె" అనే మన సామెత ఈ సంగీతానికి కేంద్రమైన సియాటిల్‌లో ఎవరికీ తెలియదు గాని, అక్కడా అమలైంది అదే.

షినేడ్ ఓకానర్ ఉదంతం ఇందుకు తిరుగులేని సాక్ష్యం. 1966లో డబ్లిన్‌లో పుట్టిన ఈ గాయని చిన్నతనంలో తల్లి చేతిలో దెబ్బలు తిన్నది. కౌమారంలో క్రైస్తవ సన్యాసినులు నడిపే సంస్కరణ గృహంలో ఏడాదిన్నర గడిపింది. తొలి ఆల్బమ్ సమయంలో రికార్డు కంపెనీ పెద్దలు జుట్టు పెంచి ఆడపిల్లలా కనిపించమని సలహా ఇస్తే, మంగలి దగ్గరికెళ్లి గుండు చేయించుకుని వచ్చింది. 1990లో రెండో ఆల్బమ్ ప్రపంచమంతా మారుమోగింది. మరుసటి ఏడాది గ్రామీ సంస్థ ఆల్టర్నేటివ్ సంగీతానికంటూ కొత్తగా ఒక విభాగం పెట్టి తొలి బహుమతిని ఆమెకే ప్రకటించింది. సంగీతాన్ని అమ్మకాలతో తూచే పద్ధతి నచ్చదంటూ ఆమె సభకు వెళ్లలేదు, బహుమతీ పుచ్చుకోలేదు. వెడర్ బహుమతి పుచ్చుకుని దానికి అర్థం లేదన్నది దీనికి అయిదేళ్ల తర్వాత.

అప్పటికే ఆమె పేరు అమెరికాలో వివాదంలో ఉంది. 1990 ఆగస్టులో న్యూజెర్సీలో ఒక కచేరీకి ముందు అమెరికా జాతీయగీతం వినిపించడానికి ఆమె ఒప్పుకోలేదు. కొన్ని రేడియో కేంద్రాలు ఆమె పాటలు ఆపేశాయి. మర్నాడు అదే వేదికపై పాడిన ఫ్రాంక్ సినాత్రా, ఆమెను తన్నాలని ఉందన్నాడు. డెబ్భై నాలుగేళ్ల గాయకుడు ఇరవై మూడేళ్ల గాయనిని తంతాననడం పత్రికలకు సరదా వార్త.

1992 అక్టోబరు 3 రాత్రి సాటర్డే నైట్ లైవ్ అనే అమెరికా టీవీ హాస్య కార్యక్రమంలో జరిగినదాన్ని కాస్త నిదానంగా చూడాలి. రిహార్సల్‌లో ఆమె బాబ్ మార్లీ పాటను వాద్యాలు లేకుండా పాడి, చివర ఒక బాలుడి ఫొటో చూపింది. ప్రత్యక్ష ప్రసారంలో పాటలోని ఒకచోట పిల్లలపై హింస అనే మాట చేర్చి, చివర రెండవ జాన్ పాల్ పోప్ ఫొటో ఎత్తి చూపి, చించి, ముక్కలు కెమెరా వైపు విసిరి, అసలు శత్రువుతో పోరాడండి అన్నది. ఆ ఫొటో చనిపోయిన తల్లి పడకగది గోడ మీదిది. స్టూడియోలో చప్పట్లు కొట్టించే దీపం వెలగలేదు. నిశ్శబ్దం మధ్య ఆమె కొవ్వొత్తులు ఊది దిగిపోయింది. తర్వాత టీవీ సంస్థకు వేలాది ఫోన్లు వచ్చాయి. న్యూయార్క్‌లో ఆమె రికార్డులను రోడ్డు రోలర్‌తో తొక్కించారు. సరిగ్గా వారానికి అదే కార్యక్రమంలో అదే వేదికపై నటుడు జో పెషీ, అతికించిన ఆ ఫొటో చూపించి, ఆ రోజు కార్యక్రమం తనదై ఉంటే ఆమె చెంప పగలగొట్టేవాడినన్నాడు. ఈసారి చప్పట్లు మోగాయి.

ఆ మర్నాడో ఆ తర్వాతో సద్దుమణిగే గొడవ కాదది. అక్టోబరు 16న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాబ్ డిలన్ ముప్పై ఏళ్ల సంగీత జీవితానికి గౌరవంగా పెద్ద కచేరీ జరిగింది. నిరసన గీతాల డిలన్‌ను అభినందించడానికి వచ్చిన జనం ఓకానర్ వేదికెక్కగానే ఊళలు పెట్టారు. అనుకున్న పాటకు బృందం వాయిద్యం ఎత్తుకోబోతే చెయ్యి ఊపి ఆపేసి, ఆమె మళ్లీ ఆ మార్లీ పాటనే గొంతు చించుకుని పాడి దిగిపోయింది. ఆమెను దించెయ్యమని నిర్వాహకులు పంపిన గాయకుడు క్రిస్ క్రిస్టఫర్సన్ మాత్రం దగ్గరికెళ్లి, వీళ్లకు కుంగిపోవద్దని చెవిలో చెప్పాడు. నిరసనను ఆరాధించే సభలో నిరసనకు చోటు లేకపోయింది.

ఆమె దేన్ని ఎత్తిచూపిందో తెలుసుకోవడానికి ఆధారాలు అప్పటికి లేవా అంటే, ఉన్నాయి. లూసియానాలో ఒక క్యాథలిక్ మతగురువు బాలలపై అత్యాచారాల కేసులో 1985లోనే నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు; ఆ వార్త దేశమంతా చదివింది. పెద్ద లెక్క తేలింది మాత్రం తర్వాత. 2002లో బోస్టన్ గ్లోబ్ పరిశోధన, 2009లో ఐర్లాండ్‌లో చర్చి సంస్థల్లో పిల్లలపై దశాబ్దాల పాటు సాగిన హింసపై ర్యాన్ కమిషన్ నివేదిక, అదే ఏడాది డబ్లిన్ మతాధికారులు ఫిర్యాదులను ఎలా తొక్కిపెట్టారో చెప్పిన మర్ఫీ నివేదిక, 2010 మార్చిలో పోప్ బెనెడిక్ట్ ఐర్లాండ్ క్యాథలిక్కులకు రాసిన విచార లేఖ వరసగా వచ్చాయి. ఇన్నేళ్లలో ఆమె గురించిన ప్రస్తావనల్లో మారనిది పిచ్చిది అనే ముద్ర. మానసిక అనారోగ్యం గురించి ఆమె దాపరికం లేకుండా మాట్లాడింది. ఆ నిజాయితీనే ఆమె మాటలన్నీ కొట్టిపారేయడానికి వాడుకున్నారు. మరోవైపు, తీవ్రమైన మానసిక రుగ్మతతో బాధపడిన డేనియల్ జాన్‌స్టన్ అనే పాటగాడు ఇదే రాక్ లోకంలో నిర్మలమైన మేధావిగా ఆరాధన పొందాడు. అతడు గీసిన బొమ్మ ఉన్న చొక్కాను కోబేన్ ఊరూరా తొడుక్కుని తిరిగాడు. జాన్‌స్టన్‌కు దక్కిన ఆదరం తప్పు కాదు. మానసిక రుగ్మత ఒకరి విషయంలో కళకు మూలంగానూ, మరొకరి విషయంలో సాక్ష్యాన్ని చెల్లనివ్వని కారణంగానూ ఎలా పనిచేసిందన్నదే ప్రశ్న.

మగవాళ్లకు ఇలాంటివి జరగలేదా అంటే జరిగాయి. 1966లో జాన్ లెనన్ తమ బృందం ఇప్పుడు ఏసుక్రీస్తు కంటే ప్రసిద్ధమని అన్నందుకు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బీటిల్స్ రికార్డులు తగలబెట్టారు. విశ్వాసులను నొప్పిస్తే ఎవరికైనా సెగ తగులుతుంది, ఓకానర్ చేష్టకు నొచ్చుకున్న క్యాథలిక్కుల బాధ కూడా నటన కాదు. కానీ లెనన్ షికాగోలో విలేఖరుల ముందు సంజాయిషీ ఇచ్చాక విషయం సద్దుమణిగింది, మరుసటేడు బీటిల్స్ ఆల్బమ్ అమ్మకాల్లో మళ్లీ మొదటి స్థానంలో ఉంది. ఓకానర్ ఇచ్చిన వివరణలు ఏవీ ఆమె లెక్కను సరిచేయలేకపోయాయి. ఆ సంఘటన తన వృత్తిని నాశనం చేసిందని అందరూ అంటారని, తనకు మాత్రం మొదటి స్థానంలో నిలిచిన పాటే దారి తప్పించిందని, ఫొటో చించడంతో మళ్లీ సరైన దారిలో పడ్డానని 2021 నాటి ఆత్మకథలో ఆమె రాసుకుంది. ఈ మాటను గౌరవించాలి. ఆమెను బలిపశువుగా మాత్రమే చూడటం కూడా ఒక రకంగా ఆమె నోరు నొక్కడమే.

రాక్ గాయని కోర్ట్నీ లవ్ కథ ఇంత తేలిక కాదు. ఓకానర్ సరైన మాట చెప్పిందని చరిత్ర ఒప్పుకుంది. లవ్ చాలాసార్లు నిజంగానే తప్పు చేసింది. 1995లో లోలాపలూజా సంగీతోత్సవంలో వేదిక వెనక బికినీ కిల్ బ్యాండ్ గాయని క్యాథ్లీన్ హానాను కొట్టి కోర్టు శిక్షకు గురైంది. మాదకద్రవ్యాల వ్యసనం, బహిరంగ తగాదాలు ఆమె చరిత్రలో భాగం. ద్వంద్వ ప్రమాణాన్ని పరీక్షించడానికి ఇలాంటి మనిషే కావాలి, ఎందుకంటే మంచి ప్రవర్తన ఉన్న స్త్రీకి మాత్రమే దక్కే న్యాయం న్యాయం కాదు.

1989లో లాస్ ఏంజెలెస్‌లో గిటారిస్టు ఎరిక్ ఎర్లాండ్‌సన్‌తో కలిసి హోల్ బ్యాండును మొదలుపెట్టిన లవ్, 1992 ఫిబ్రవరిలో కోబేన్‌ను పెళ్లాడింది. ఆ ఆగస్టులో కూతురు పుట్టింది. సరిగ్గా అప్పుడే వానిటీ ఫెయిర్ సెప్టెంబరు సంచిక, గర్భిణిగా ఉన్న తొలిరోజుల్లో ఆమె హెరాయిన్ వాడిందని రాసింది. గర్భం సంగతి తెలిశాక మానేశానని, తన మాటలను వక్రీకరించారని ఆమె వాదించింది. బాలల సంరక్షణ అధికారులు రంగంలోకి దిగారు, కొన్ని వారాలపాటు బిడ్డ తల్లిదండ్రుల దగ్గర ఉండలేదు. గర్భిణి మాదకద్రవ్యం వాడటం చిన్న విషయం కాదు, ఆ ఆందోళన న్యాయమైనదే. కాకపోతే అదే ఇంట్లో, అదే కాలంలో, అదే మందుకు బానిసైన తండ్రి ఉన్నాడు. అతడి వ్యసనం కడుపునొప్పికి, కీర్తి భారానికి తాళలేని సున్నిత మనస్కుడి విషాదంగా చరిత్రకెక్కింది. ఆమెది చెడ్డ తల్లి నేరంగా నిలిచింది.

1994 ఏప్రిల్ 5న కోబేన్ ఆత్మహత్య చేసుకున్నాడు. మృతదేహం 8న దొరికింది. ముందే నిర్ణయించిన తేదీ ప్రకారం హోల్ రెండో ఆల్బమ్ 12న విడుదలైంది. రెండు నెలలకే ఆ బ్యాండ్ బాస్ గిటారిస్టు క్రిస్టెన్ ఫాఫ్ మాదకద్రవ్యం వికటించి చనిపోయింది. ఆ శరదృతువులోనే లవ్ ఊరూరా కచేరీలు చేసింది. ఇల్లు కదలకుండా ఏడ్వాల్సిన విధవ వేదికలపై అరుస్తోందన్న గుసగుస మొదలైంది. మొగుణ్ణి మింగింది అని మన ఊళ్లలో అనే తిట్టు ఉత్తరోత్తరా ఆరోపణగా, ఆపై పరిశ్రమగా మారింది: భర్తను ఆమే చంపించిందన్న అనుమానంపై 1998లో ఒకటి, 2015లో ఒకటి డాక్యుమెంటరీలు వచ్చాయి. 2014లో సియాటిల్ పోలీసులు ఫైలు మళ్లీ తెరిచి చూసి, అది ఆత్మహత్యేనని మరోసారి తేల్చారు. అయినా ఆ ప్రచారం ఆగలేదు.

ఆ ఆల్బమ్‌కు విలేజ్ వాయిస్ పత్రిక నిర్వహించే విమర్శకుల ఓటింగులో 1994కు మొదటి స్థానం దక్కింది. దాంతో ఇంకో వదంతి బలపడింది: ఇంత మంచి పాటలు ఆమె రాసి ఉండదు, కోబేనే రాసిచ్చి ఉంటాడు. రికార్డింగ్ జరిగిన 1993 అక్టోబరులో అతడు స్టూడియోకు వచ్చి కొన్ని చోట్ల వెనక గొంతు కలిపిన మాట నిజం. అంతకు మించి రాసిచ్చాడనడానికి ఆధారం లేదు. పాటల మీద పేర్లు ప్రధానంగా లవ్, ఎర్లాండ్‌సన్‌లవి. నిర్వాణా చివరి స్టూడియో ఆల్బమ్ పేరు లవ్ రాసిన కవితలోంచి తీసుకున్నదే, అయినా ఆ ఆల్బమ్‌లో ఆమె చెయ్యి ఎంతుందని ఎవరూ ఆరా తీయలేదు. ఇద్దరు కళాకారులు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ప్రభావం రెండు వైపులా ప్రవహిస్తుందన్న మామూలు జ్ఞానం ఇక్కడ ఒక వైపే పనిచేసింది.

ఈ అనుమానం ఆమె ఒక్కదానికే పరిమితం కాదు. 2015లో ఒక ఇంటర్వ్యూలో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్, తాను మూడేళ్లు కూర్చుని చేసుకున్న శబ్దరచన ఘనతను చివరి రోజుల్లో వచ్చి చేరిన మగ సహచరుల ఖాతాలో విమర్శకులు వేశారని, వాళ్లు కాదని చెప్పినా వినలేదని వాపోయింది. మగవాడు ఒకసారి చెప్పే మాటను తను అయిదుసార్లు చెప్పాల్సి వస్తుందన్నది. లిజ్ ఫేర్ కథ మరో రకం. 1993లో తొలి ఆల్బమ్‌తో స్వతంత్ర రాక్ ముద్దుబిడ్డ అయిన ఆమె, 2003లో రేడియోకు సరిపడే పాటలు చేస్తే పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక పదికి 0.0 మార్కులు వేసింది. ఆల్బమ్ గొప్పది కాకపోవచ్చు, కానీ సున్నా అనేది సంగీతంపై తీర్పు కాదు, ద్రోహానికి వేసిన జరిమానా. రాసిన విమర్శకుడే 2019లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2021లో ఆ పత్రిక మార్కులను 6.0కు మార్చింది.

రేడియోల సంగతి రెండు మాటల్లో: 1990లలో అమెరికా కేంద్రాల్లో ఇద్దరు గాయనుల పాటలు ఒకదాని వెంట ఒకటి వేయకూడదన్న అలవాటు ఉండేది. దానికి విసిగే గాయని శారా మెక్‌లాక్లన్ 1997లో గాయనులతోనే లిలిత్ ఫేర్ ఉత్సవం నడిపి, ఆ ఏడాది ఉత్సవాల్లో వసూళ్లలో ముందు నిలిచింది. ఇద్దరికి వరసగా చోటు లేని వేదికపై ఒకామె అల్లరిపాలైతే ఆ మచ్చ మిగతావాళ్లకూ అంటుతుంది. గాయకులు వందలమంది కాబట్టి ఒకడి తప్పు వాడిదే.

నమ్మకం విషయంలో ఈ వ్యవస్థ ఎంత ఖరీదైనదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2005లో ఒక టీవీ కార్యక్రమం రెడ్ కార్పెట్‌పై, సినిమాల్లోకి వచ్చే కొత్త అమ్మాయిలకు సలహా ఏమిటని లవ్‌ను అడిగారు. పరువునష్టం దావా వేస్తారేమోనని ఒక క్షణం ఆగి, సినీ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ హోటల్‌లో విందుకు పిలిస్తే వెళ్లొద్దన్నది. అక్కడున్నవాళ్లు అది లవ్ మార్కు వాగుడనుకున్నారు. 2017 అక్టోబరులో వైన్‌స్టీన్ లైంగిక అత్యాచారాల బాగోతం బయటపడ్డాక ఆ పాత వీడియో లక్షలమంది చూశారు. పన్నెండేళ్ల ముందు ఆమె నోట వచ్చింది కాబట్టే ఆ మాట వార్త కాలేకపోయింది. నోరున్న స్త్రీని నమ్మదగనిదిగా ముద్రవేస్తే, భయంతో నోరు మూసుకున్నవాళ్లు చెప్పలేని నిజం చెప్పేవాళ్లే మిగలరు.

ఇక చరిత్ర రాసే చోటు. 2023 మార్చిలో లవ్ గార్డియన్ పత్రికలో, రాక్ దిగ్గజాలను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సంస్థలో స్థానం పొందినవారిలో స్త్రీలు 8.48 శాతమేనని లెక్క చెప్పి నిలదీసింది. ఆరు నెలలకు, ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడైన యాన్ వెనర్, రాక్ మహామహులతో తన సంభాషణల పుస్తకంలో స్త్రీలెవరూ లేకపోవడానికి, ఆ స్థాయిలో భావాలను వ్యక్తం చేయగల స్త్రీ తనకు కనిపించకపోవడమే కారణమని న్యూయార్క్ టైమ్స్‌తో అన్నాడు. మర్నాడే బోర్డు అతణ్ణి తొలగించింది. లవ్ అదే మాట బల్ల గుద్ది చెప్పినప్పుడు అతిశయోక్తి అనుకున్నవాళ్లకు వెనర్ స్వయంగా రుజువు చూపాడు.

ఓకానర్ 2023 జులైలో చనిపోయింది. నివాళులు కుప్పలుగా వచ్చాయి. బతికుండగా ఆమెకు అండగా నిలబడే ధైర్యం లేనివాళ్లే ఇప్పుడు పొగుడుతున్నారని ఇంగ్లిష్ గాయకుడు మోరిసీ అదే రోజు కటువుగా రాశాడు. 2024 ఫిబ్రవరిలో హాల్ ఆఫ్ ఫేమ్ అభ్యర్థుల జాబితాలో ఆమె పేరు తొలిసారి కనిపించింది. అదే జాబితాలో హెవీ మెటల్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ పేరూ ఉంది. 1982లో వేదికపై గబ్బిలం తల కొరికినవాడు, అదే ఏడాది శాన్ ఆంటోనియోలో అలమో అమరవీరుల స్మారకం మీద మూత్రం పోసి, ఆ నగరంలో పదేళ్లు కచేరీలు చేయకుండా నిషేధానికి గురైనవాడు, ఆ తర్వాత టీవీలో అమెరికా ఇష్టపడే అమాయకపు నాన్నగా స్థిరపడినవాడు. అతడి సంగీతానికి ఆ గౌరవం తగినదే, దానిపై తగాదా లేదు. ఓటింగులో నెగ్గలేకపోయిన మగవాళ్లూ ఆ జాబితాలో ఉన్నారు, ఒయాసిస్ బ్యాండ్ సోదరులతో సహా. ఆ ఏప్రిల్‌లో ఓజీ ఎంపికయ్యాడు. ఓకానర్‌కు ఓట్లు చాలలేదు.